మొండికేసిన ఫ్యాన్ రెక్కను షాఫ్ట్ నుంచి ఊడదీయడం: ఏ పనిముట్టు, ఎప్పుడు, ఎలా

మార్చి వచ్చిందంటే అటకల మీంచి కూలర్లు దిగుతాయి. మోటారు గీగీమని చప్పుడు చేస్తుంది, లేదా అసలు తిరగదు. కొత్త మోటారు తెచ్చుకుంటారు. పాత మోటారు షాఫ్ట్ (తిరిగే కడ్డీ) మీంచి రెక్క మాత్రం రాదు. అప్పుడు అందరూ అడిగేది ఒకటే: "ఏ పుల్లర్ కొనాలి?"

పుల్లర్ అంటే ఇరుక్కున్న రెక్కను కాళ్లతో పట్టి షాఫ్ట్ మీంచి బయటికి లాగే పనిముట్టు. దాని గురించి ఆలోచించే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఆ రెక్కను పట్టి ఉంచింది ఏమిటి? అది ఎందుకు బిగుసుకుంది? హబ్ వెనక ఎంత సందు ఉంది? ఇవి తెలిస్తే ఏ పనిముట్టు కావాలో దానంతట అదే తేలిపోతుంది. తెలియకుండా లాగితే రెక్క వంకరపోతుంది, లేదా మోటారు బేరింగ్ పోతుంది.

ఇక్కడ హబ్ అంటే రెక్కలన్నీ కలిసే చోట, షాఫ్ట్ దూరే గొట్టం లాంటి దిమ్మ. ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఎక్కువగా కూలర్ ఫ్యాన్ గురించే రాస్తున్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కూ, మోనోబ్లాక్ (నీళ్లు తోడే పంపు) మోటారు వెనక ఉండే గాలి ఫ్యాన్‌కూ పద్ధతి దాదాపు ఇదే.

1. దక్కాల్సింది రెక్కా, మోటారా?

పని మొదలుపెట్టే ముందే ఇది తేల్చుకోండి. తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మోటారు కాలిపోయి, రెక్క బాగుంటే షాఫ్ట్‌ను కోసేసినా నష్టం లేదు. రెక్క విరిగి, మోటారు బాగుంటే హబ్‌ను కోసేయొచ్చు. రెండూ కావాలంటే మాత్రం ఓపిక కావాలి. కొన్నిసార్లు రాత్రంతా నూనెలో నానబెట్టి వదిలేయాల్సి వస్తుంది.

2. కరెంటు, గుర్తులు, కొలతలు

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి. వైరింగ్ తేడాగా ఉన్న ఇంట్లో స్విచ్ ఆపినా వైరులో కరెంటు ఉండొచ్చు. కూలర్ బాడీ ఇనుముది, టబ్బులో నీళ్లుంటాయి. టబ్బు ఖాళీ చేసి, నేల తుడిచి, చెప్పులు వేసుకుని కూర్చోండి. కెపాసిటర్ కొనల మీద చెయ్యి పెట్టొద్దు, ప్లగ్ పీకాక కూడా అందులో కాస్త చార్జ్ మిగిలి ఉంటుంది.

వీలుంటే మోటారును రెక్కతో సహా కూలర్ బయటికి తీసి, బల్ల మీద పెట్టి పనిచేయండి. ఇరుకులో చేతులు పెట్టి చేసే పనిలోనే అలెన్ కీ (స్క్రూ విప్పే ఆరు పలకల కడ్డీ) జారి మర పాడవుతుంది.

తీసే ముందు ఇవి రాసుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి:

- రెక్క ఏ ముఖం ముందుకు ఉంది, గాలి ఎటు కొడుతోంది
- షాఫ్ట్ కొన హబ్ కన్నా ఎంత బయటికి ఉంది, లేదా ఎంత లోపలికి ఉంది
- షాఫ్ట్ మందం, హబ్ బయటి కొలత, హబ్ పొడవు
- హబ్ వెనక, మోటారు కవరుకు ముందు ఎన్ని మిల్లీమీటర్ల సందు ఉంది
- ఎన్ని రెక్కలు ఉన్నాయి

చివరి రెండూ పుల్లర్ కొనేటప్పుడు పనికొస్తాయి. సందు కొలవడానికి వెర్నియర్ అక్కర్లేదు. బాల్‌పెన్ను దూరుతుందా, అగ్గిపుల్ల మాత్రమే దూరుతుందా అన్నది చూస్తే చాలు.

3. పట్టి ఉంచింది ఏమిటి?

టార్చ్ వేసి, హబ్ చుట్టూ పాత టూత్ బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయండి. మట్టి కింద దాగి ఉన్నది అప్పుడు బయటపడుతుంది. ఎక్కువగా కనిపించేవి ఇవి.

గ్రబ్ స్క్రూ. హబ్ పక్క నుంచి షాఫ్ట్‌లోకి దిగే తల లేని స్క్రూ. కూలర్ రెక్కల్లో ఇదే ఎక్కువ. ఆరు పలకల గుంట ఉంటే అలెన్ కీ కావాలి, గాడి ఉంటే స్క్రూ డ్రైవర్ కావాలి.

ముందు నట్టు లేదా క్యాప్. టేబుల్ ఫ్యాన్ రెక్క ముందుండే ప్లాస్టిక్ క్యాప్‌కు సాధారణంగా ఎడమ మర ఉంటుంది. అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలు అలవాటుతో ఎడమకు తిప్పి, రావడం లేదని ఇంకా బలం పెట్టి మర చెరిపేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఏసీ బయటి యూనిట్ ఫ్యాన్ నట్టుకు కూడా చాలా మోడళ్లలో ఎడమ మరే ఉంటుంది. రెక్క మీద బాణం గుర్తు ఉందేమో చూడండి.

సర్‌క్లిప్. షాఫ్ట్ గాడిలో కూర్చునే సన్నటి స్ప్రింగు రింగు. మోనోబ్లాక్ వెనక ఫ్యాన్‌లో కొన్నిటికి ఉంటుంది. సర్‌క్లిప్ ప్లయర్‌తోనే తీయాలి. తీసేటప్పుడు అది ఎగిరి కంటికి తగలొచ్చు, కాబట్టి మీద గుడ్డ కప్పండి.

క్లాంప్. ప్లాస్టిక్ హబ్ చుట్టూ ఇనుప పట్టీ, దానికో స్క్రూ. వదులు చేస్తే సరిపోతుంది.

ఏమీ లేదు. ఉత్త బిగింపు మీదే కూర్చుంటుంది. దీనికి వేడి, పుల్లర్ రెండూ కావాలి.

టేబుల్ ఫ్యాన్‌లో క్యాప్ తీశాక కూడా రెక్క రాకపోతే వెనక చూడండి. షాఫ్ట్‌కు అడ్డంగా ఉండే పిన్ను చుట్టూ తలవెంట్రుకలు, దారాలు చుట్టుకుని గట్టి ఉండలా తయారవుతాయి. సూదితో, బ్లేడుతో వాటిని కోసేస్తే చాలాసార్లు రెక్క చేత్తోనే వచ్చేస్తుంది.

4. గ్రబ్ స్క్రూ: ఎక్కువ పనులు చెడేది ఇక్కడే

ముందు గుంటలోని మట్టిని గుండుసూదితో పూర్తిగా తవ్వి తీయండి. కీ సగమే దిగితే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి.

మిల్లీమీటర్ల మరలో కీ సైజులు ఇలా ఉంటాయి:

- 5 మి.మీ. గ్రబ్ స్క్రూకు 2.5 మి.మీ. కీ
- 6 మి.మీ. స్క్రూకు 3 మి.మీ. కీ
- 8 మి.మీ. స్క్రూకు 4 మి.మీ. కీ

కొన్నిటికి అంగుళాల మర ఉంటుంది. అంగుళంలో ఎనిమిదో వంతు గుంటలో 3 మి.మీ. కీ వదులుగా దూరుతుంది, గట్టిగా తిప్పగానే జారుతుంది. కీ ఆడుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆగి అంగుళాల కీ తెచ్చుకోండి. గుండ్రటి తల ఉన్న కీ వద్దు. మొండి స్క్రూకు చదును కొన ఉన్న కీ మాత్రమే వాడాలి.

కీని గుంటలో పెట్టి, పైనుంచి చిన్న సుత్తితో రెండు మూడు సార్లు తట్టండి. ఆ అదురుకు తుప్పు పగులుతుంది. తర్వాత ముందు కాస్త బిగించే వైపు, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి.

స్క్రూ కదిలాక వదులు చేసి వదిలేయకుండా పూర్తిగా బయటికి తీయండి. దాని మొన షాఫ్ట్ మీది గుంటలో కాస్త మిగిలి ఉన్నా రెక్క కదలదు.

తీశాక ఆ రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి. కొన్ని హబ్‌లలో ఒకదాని కింద ఇంకో గ్రబ్ స్క్రూ ఉంటుంది, కిందిది వదులు కాకుండా పైది ఆపడానికి. కొన్నిటికి పావు చుట్టు దూరంలో రెండో రంధ్రం ఉంటుంది, అది తుప్పుతో పూడిపోయి కనిపించదు. రెండో స్క్రూ ఉండగానే పుల్లర్ వేసి హబ్ పగలగొట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. హబ్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి, వేలితో తడిమి చూశాకే ముందుకు వెళ్లండి.

గుంట అరిగిపోతే, దానికన్నా కాస్త పెద్ద నక్షత్రపు బిట్‌ను సుత్తితో కొట్టి దించి తిప్పి చూడండి. అదీ కాకపోతే డ్రిల్ చేయాలి. 5 మి.మీ. స్క్రూకు 4.2 మి.మీ. బిట్, 6 మి.మీ. స్క్రూకు 5 మి.మీ. బిట్. సరిగ్గా మధ్యలో పంచ్ గుర్తు కొట్టి, నిదానంగా వేయండి. తర్వాత ట్యాప్‌తో (మర కోసే పనిముట్టుతో) మర మళ్లీ తీయొచ్చు. చేతి డ్రిల్ అలవాటు లేకపోతే ఈ ఒక్క పని లేత్ షాపులో చేయించుకోండి.

5. తుప్పా, సున్నమా?

దీన్ని చాలామంది పట్టించుకోరు. హబ్ అంచున గోధుమ రంగు పొడి ఉంటే తుప్పు. తెల్లటి గట్టి పొర ఉంటే బోరు నీటి సున్నం. బోరు నీళ్లు పోసే కూలర్లలో షాఫ్ట్ మీద ఈ తెల్ల పొరే ఎక్కువగా ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే ఎంత కొట్టినా సున్నం కరగదు. పులుపుకే కరుగుతుంది.

సున్నం అయితే వెనిగర్‌లో గానీ, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గానీ గుడ్డ ముంచి హబ్ చుట్టూ చుట్టండి. బుడగలు వస్తే సున్నం కరుగుతున్నట్టే. అల్యూమినియం హబ్ అయితే పావుగంటకు మించి ఉంచొద్దు, పులుపు దాన్నీ తింటుంది. తర్వాత మంచినీళ్లతో తుడిచి, ఆరబెట్టి, అప్పుడు నూనె వేయండి.

తుప్పు అయితే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే మంచిది. లేకపోతే డీజిల్ గానీ కిరోసిన్ గానీ చుక్కలు చుక్కలుగా వేయండి. మోటారును నిలబెట్టి, షాఫ్ట్ కొన పైకి ఉండేలా పెడితే నూనె సందులోకి దిగుతుంది. పడుకోబెట్టి వేస్తే కిందికి కారిపోతుంది. గ్రబ్ స్క్రూ రంధ్రంలో కూడా వేయండి, షాఫ్ట్‌కు అదే దగ్గరి దారి. పది నిమిషాలకోసారి తట్టుతూ, మూడు నాలుగు సార్లు వేసి, వీలైతే రాత్రంతా వదిలేయండి.

నూనె మోటారు వైండింగ్‌లోకి పోకుండా హబ్ వెనక గుడ్డ పెట్టండి. అద్దంలా కనిపించే ప్లాస్టిక్ రెక్కల మీద స్ప్రే పడనీయొద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగుళ్లు ఇస్తుంది.

6. ముందు లోపలికి, తర్వాత బయటికి

నా లెక్కలో ఈ పని మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది మొదటి నుంచీ బయటికే లాగుతారు. కానీ హబ్ బయటికి రావాల్సిన దారిలో, అంటే షాఫ్ట్ కొన మీద, ఏళ్ల తరబడి పట్టిన తుప్పు ఉంటుంది. దాని మీదుగా లాగితే హబ్ ఇంకా బిగుసుకుంటుంది.

కాబట్టి ముందు ఆ కొనను శుభ్రం చేయండి. సన్నటి పట్టీగా కత్తిరించిన ఎమెరీ పేపర్‌ను షాఫ్ట్ చుట్టూ వేసి, రెండు కొనలూ పట్టుకుని బూటుకు పాలిష్ పెట్టినట్టు ఇటూ అటూ లాగండి. లోహం మెరిసేదాకా చేయాలి.

తర్వాత హబ్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి, మోటారు వైపు జరపండి. షాఫ్ట్ దూరేంత ఇనుప గొట్టం ముక్కను గానీ, బాక్సు పానా సాకెట్‌ను గానీ హబ్ మీద ఆనించి చిన్న సుత్తితో తట్టండి. దెబ్బ హబ్ మీదే పడాలి, రెక్క రేకు మీద కాదు. మోటారు వెనక షాఫ్ట్ బయటికి వచ్చి ఉంటే దాని కింద చెక్క పెట్టండి, దెబ్బ బేరింగ్‌కు తగలదు. ప్లాస్టిక్ హబ్‌ను కొట్టొద్దు, చేత్తో నొక్కి చూడండి.

ఒక్క మిల్లీమీటరు కదిలినా పట్టు విడిపోయినట్టే. కొత్తగా బయటపడ్డ షాఫ్ట్‌ను మళ్లీ ఎమెరీతో రుద్ది, నూనె వేసి, ఇప్పుడు బయటికి లాగండి. ఇరుక్కుంటే మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. గ్రబ్ స్క్రూ నొక్కడం వల్ల షాఫ్ట్ మీద లేచిన చిన్న బొడిపె కూడా ఈ ఆటుపోట్లకే అణుగుతుంది. సగం కూలర్లలో ఇంతటితోనే రెక్క చేతికి వచ్చేస్తుంది, పుల్లర్ అక్కర్లేదు.

7. ఏ పుల్లర్?

ఇక్కడిదాకా వచ్చినా రాకపోతే, మీరు రాసుకున్న కొలతలు తీయండి.

రెక్కల సంఖ్య. పుల్లర్ కాళ్లు రెక్కల మధ్య నుంచి వెళ్లి హబ్ వెనక పట్టుకోవాలి. నాలుగు రెక్కలుంటే రెండు కాళ్ల పుల్లర్ ఎదురెదురు సందుల్లో సరిగ్గా కూర్చుంటుంది. మూడు లేదా ఆరు రెక్కలకు మూడు కాళ్లది. ఐదు రెక్కలకు రెండూ సరిగ్గా నప్పవు. లాగుడు ఒక పక్కకు పోయి హబ్ వంకరగా ఇరుక్కుంటుంది. దానికి కింద చెప్పే ప్లేటు పద్ధతే నయం.

వెనక సందు. పుల్లర్ కాలి కొస మందం ఆ సందు కన్నా తక్కువ ఉండాలి. షాపుకు వెళ్లేటప్పుడు సందు కొలత తీసుకెళ్లి, అక్కడే కాలి కొసను కొలిచి చూడండి. ఇంటి ఫ్యాన్ హబ్‌లకు 3 అంగుళాల పుల్లర్ సాధారణంగా సరిపోతుంది. పెద్దది బలంగా ఉంటుందని తీసుకుంటే దాని కాళ్లు లావుగా ఉండి అసలు దూరవు.

సన్నటి సందు. కారు బ్యాటరీ టెర్మినల్ తీసే చిన్న పుల్లర్ ఒకటి ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతుంది. దాని కాళ్లు పల్చగా ఉంటాయి. టేబుల్ ఫ్యాన్, చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాంటి చిన్న హబ్‌లకు చక్కగా పనిచేస్తుంది.

అదీ దూరకపోతే ప్లేటు. షాఫ్ట్ పట్టేంత గాడి కోసిన గట్టి ఇనుప ప్లేటును హబ్ వెనక దూర్చాలి. ముందు వైపు ఇంకో పట్టీ, దాని మధ్యలో మర వేసి బోల్టు. రెండింటినీ ఇరువైపులా పొడవాటి బోల్టులతో కలిపితే అదే పుల్లర్. లేత్ షాపులో కొలతలిస్తే చేసిస్తారు. ఐదు రెక్కల హబ్‌లకు నేను ఇదే వాడతాను, ఎందుకంటే ప్లేటు హబ్ వెనక ముఖాన్ని రెండు వైపులా సమానంగా తోస్తుంది.

ఏ పుల్లర్ అయినా పట్టుకోవాల్సింది హబ్‌నే. ఇనుప రెక్కల్లో రేకును హబ్‌కు రివెట్లతో బిగిస్తారు. రేకు పట్టుకుని లాగితే రివెట్లు వదులై, తర్వాత రెక్క జీవితాంతం వణుకుతూనే ఉంటుంది.

8. పుల్లర్ వేయడం

- షాఫ్ట్ కొన మధ్యలో చిన్న గుంట ఉంటే పుల్లర్ మొన అందులో కూర్చోబెట్టండి. లేకపోతే పంచ్‌తో గుంట కొట్టండి.
- కొన మీద మర ఉంటే, ముందు నట్టును కొనతో సమంగా ఎక్కించండి. మర చెడదు.
- పుల్లర్ మరకు చుక్క గ్రీజు పెట్టండి.
- కాళ్లు జారకుండా చుట్టూ గట్టి తాడు గానీ హోస్ క్లిప్ గానీ కట్టండి.
- పుల్లర్ నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచి చూడండి.

పానాతో బిగుతుగా తగిలేదాకా తిప్పి ఆగండి. పుల్లర్ బోల్టు తల మీద సుత్తితో తేలిగ్గా ఒక్కసారి తట్టండి. పావు చుట్టు తిప్పండి. ఆగండి. మళ్లీ తట్టండి. బిగువులో ఉన్న తుప్పు ఆ అదురుకే వదులుతుంది. టక్కుమని చప్పుడు వస్తే హబ్ కదిలినట్టు.

చెయ్యి నొప్పి పుట్టేంత బలం పెట్టాల్సి వస్తోందంటే, లోపల ఇంకేదో పట్టుకుని ఉంది. నాలుగో మెట్టుకు వెళ్లి రెండో గ్రబ్ స్క్రూ కోసం మళ్లీ వెతకండి. పానాకు గొట్టం తగిలించి బలం పెంచొద్దు.

రెండు స్క్రూ డ్రైవర్లు హబ్ వెనక దూర్చి మోటారు కవరు మీద ఆనించి మెలిపెట్టడం చాలామంది చేస్తారు. అలా చేసి నేను ఒక మంచి మోటారు అల్యూమినియం కవరు చెవి విరగ్గొట్టాను, దానికి విడి కవరు దొరకలేదు. ప్లాస్టిక్ రెక్కకు, చెక్క ముక్కలు ఆనించి, రెండు వైపులా సమానంగా, నెమ్మదిగా అయితే సరే. ఇనుప హబ్‌కు మాత్రం వద్దు.

9. వేడి ఎప్పుడు, ఎంత

అల్యూమినియం, ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుకే అల్యూమినియం హబ్ ఉక్కు షాఫ్ట్ మీద ఉంటే వేడి బాగా పనిచేస్తుంది. 12 మి.మీ. షాఫ్ట్ చల్లగా ఉండి, హబ్ 100 డిగ్రీలు వేడెక్కితే రంధ్రం సుమారు 0.03 మి.మీ. పెరుగుతుంది. వెంట్రుక మందంలో సగం కూడా కాదు, కానీ బిగింపు వదలడానికి అది చాలు.

ఇనుప హబ్‌కు ఆ తేడా ఉండదు. రెండూ ఒకేలా పెరుగుతాయి. అందుకని హబ్ బయట మాత్రమే త్వరగా వేడి చేసి, షాఫ్ట్ వేడెక్కేలోపే లాగాలి. పుల్లర్ ముందే బిగించి ఉంచి, తర్వాత వేడి చేయండి.

హీట్ గన్ మంచిది. లేకపోతే మరిగే నీళ్లలో ముంచిన గుడ్డను పటకారుతో పట్టుకుని హబ్ చుట్టూ చుట్టండి. ప్లాస్టిక్ హబ్‌కు వేడి నీళ్ల గుడ్డ తప్ప ఇంకేదీ వద్దు. స్ప్రే, కిరోసిన్ వేసిన చోట హీట్ గన్ గానీ మంట గానీ అస్సలు పెట్టొద్దు, అంటుకుంటాయి. వేడి పద్ధతి వాడాలనుకుంటే నూనె పూర్తిగా తుడిచి, ఆరాకే మొదలుపెట్టండి.

10. ఇంకా రాకపోతే కోయడమే

రెక్క కావాలంటే: మోటారు, హబ్ మధ్య సందులో హాక్సా బ్లేడుతో షాఫ్ట్‌ను కోసేయండి. హబ్‌లో మిగిలిన ముక్కను లేత్ షాపులో ప్రెస్ మీద పెట్టి తోసేస్తారు.

మోటారు కావాలంటే: హబ్‌ను షాఫ్ట్ పొడవునా గీతలా కోయండి. గ్రబ్ స్క్రూ రంధ్రం మీదుగా కోస్తే కోయాల్సిన లోహం తక్కువ. షాఫ్ట్‌కు తగలడానికి కాస్త ముందే ఆపి, ఆ గీతలో చదును స్క్రూ డ్రైవర్ పెట్టి మెలిపెడితే హబ్ విచ్చుకుంటుంది. ఇనుప పొడి మోటారులోకి పోకుండా తడి గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి.

11. తిరిగి ఎక్కించేటప్పుడు

- షాఫ్ట్‌ను ఎమెరీతో నునుపు చేసి, చేత్తో తిప్పి చూడండి. ఊగినా, గరగరమన్నా రెక్క ఎక్కించకముందే బేరింగ్ మార్చండి.
- షాఫ్ట్ మీద పల్చగా గ్రీజు రాయండి. కాపర్ గ్రీజు దొరికితే ఇంకా మంచిది.
- గ్రబ్ స్క్రూ కొత్తది వేయండి. షాఫ్ట్ మీద చదునుగా కోసిన చోటు ఉంటే స్క్రూ సరిగ్గా దాని మీదే కూర్చోవాలి.
- ముందు రాసుకున్న లోతుకే రెక్కను పెట్టండి. లోపలికి ఎక్కువ పోతే మోటారుకు, బయటికి ఎక్కువ వస్తే గ్రిల్‌కు తగులుతుంది.
- చేత్తో తిప్పి, ఒకే చోట పెన్ను ఆనించి ప్రతి రెక్క కొసా అదే దూరంలో వెళ్తోందో చూడండి. ఒకటి తేడాగా ఉంటే అది వంగినట్టు.

గ్రిల్ బిగించాకే ప్లగ్ పెట్టి, ఐదు నిమిషాలు తక్కువ స్పీడులో తిప్పండి. ఆపి, ప్లగ్ పీకి, గ్రబ్ స్క్రూ మరోసారి బిగించండి. మొదటి తిప్పుడుకు అది కాస్త సర్దుకుంటుంది.

వానలు పడి కూలర్ మళ్లీ అటకెక్కేటప్పుడు షాఫ్ట్ కొన తుడిచి ఒక చుక్క నూనె వేయండి, గ్రబ్ స్క్రూ గుంటలో కాస్త గ్రీజు నింపండి. అప్పుడు వచ్చే మార్చిలో కీ తేలిగ్గా దిగుతుంది.